లీజు కారా, సొంత కారా: చివర్లో మిగిలే ఆ నాలుగు లక్షలు ఎవరివి?

మొన్న ఆదివారం మా బావమరిది మియాపూర్ నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి షోరూం వాళ్లు రాసిచ్చిన కొటేషన్. రెండోది వాళ్ల ఆఫీసు హెచ్‌ఆర్ పంపిన మెయిల్ ప్రింటు. మొదటి దాంట్లో నెలకు 16,607 రూపాయల ఈఎంఐ. రెండో దాంట్లో నెలకు 21,000 లీజు అద్దె, దాని కింద ‘ట్యాక్స్ ఆదా’ అన్న మాటకు పెన్నుతో రెండు గీతలు. "బావా, విడివిడిగా చూస్తే రెండూ బాగానే అర్థమవుతున్నాయి. పక్కపక్కన పెడితే మాత్రం బుర్ర తిరుగుతోంది" అన్నాడు.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లల్లో నడుస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. దాంతో ఎన్నాళ్లుగానో వాయిదా వేసుకున్నవాళ్లు కూడా షోరూం మెట్లెక్కారు. అదే సమయంలో ఐటీ కంపెనీల్లో లీజు పథకాల మెయిళ్లూ వస్తున్నాయి. కారు అదే, రోడ్డు అదే. ఖర్చు లెక్క మాత్రం రెండు వేరు వేరు భాషల్లో ఉంటుంది.

పొలం కౌలుకూ కారు కౌలుకూ తేడా

లీజు అంటే మనకు తెలియనిది కాదు. కౌలు. పొలం ఆసామిది, సాగు కౌలుదారుది. గడువు అయిపోతే పొలం ఆసామికి అప్పజెప్పాలి. కారు లీజూ అంతే: కారు లీజు కంపెనీది, నడిపేది మనం, మూడేళ్లకో అయిదేళ్లకో తిరిగి ఇచ్చేయాలి.

పోలిక ఇక్కడి వరకే. పొలం ఏటా ధర పెరిగే ఆస్తి. కారు షోరూం గేటు దాటిన రోజు నుంచీ ధర తగ్గే వస్తువు. కాబట్టి కారు లీజులో మనం కట్టే అద్దెలో పెద్ద ముక్క ఆ తరుగుదలే. కొత్తలో కారు ధర ఎంత, గడువు చివర్లో ఎంతకు అమ్ముడుపోతుంది అని కంపెనీ ముందే అంచనా వేసుకుంటుంది. ఆ రెంటికీ మధ్య తేడాను నెలలకు పంచుతుంది. దాని మీద వడ్డీ, బీమా, సర్వీసు ఖర్చు, తన లాభం, చివరగా జీఎస్టీ వేస్తుంది. అదే అద్దె.

చివర్లో మిగిలే ఆ విలువను ఒప్పందాల్లో రెసిడ్యువల్ వాల్యూ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పని ఉంది.

లోన్ మీద కొంటే కారు మొదటి రోజు నుంచీ మనదే. అప్పు తీరేదాకా ఆర్‌సీలో బ్యాంకు పేరున హైపోథికేషన్, అంటే తాకట్టు నమోదు, ఉంటుంది. తీరాక బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తే దాన్ని తీయించుకోవాలి. చాలామంది ఈ చివరి పని మర్చిపోయి, కారు అమ్మేరోజు తిప్పలు పడతారు.

ఈ రెంటికీ మధ్యలో సబ్‌స్క్రిప్షన్ అని ఇంకోటి వచ్చింది. మారుతి కూడా 2020లో ‘సబ్‌స్క్రైబ్’ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. డౌన్ పేమెంట్ లేకుండా, బీమా, సర్వీసు అన్నీ కలిపి నెలకింత అని కట్టడం. పేరు కొత్తదే గానీ లెక్కల్లో ఇదీ లీజే.

ఎనిమిది లక్షల కారు ఇంటికొచ్చేసరికి

చిన్న కారు (కాంపాక్ట్) అంటే మన దగ్గర నాలుగు మీటర్ల లోపు కారు. 18 శాతం జీఎస్టీ కావాలంటే పొడవు ఒక్కటే చాలదు. ఇంజన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. బ్రెజా పొడవులో చిన్నదే, పెట్రోల్ ఇంజన్ 1.5 లీటర్లది, అందుకే దాని మీద 40 శాతం పడుతుంది. స్విఫ్ట్, ఐ20, పంచ్ లాంటివి 18 శాతంలో ఉన్నాయి.

ఎక్స్ షోరూం ధర, అంటే లైఫ్ ట్యాక్స్, బీమా కలపకముందు ధర, సరిగ్గా 8,00,000 ఉన్న పెట్రోల్ కారు అనుకుందాం. తెలంగాణలో అయిదు నుంచి పది లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,000. మొదటి ఏడాది ఫుల్ ఇన్సూరెన్స్ 35,000 వేద్దాం. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాలి కాబట్టి మొదటి బిల్లు బరువుగానే ఉంటుంది. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, నంబర్ ప్లేటు కలిపి 5,000. అన్నీ కలిపి ఆన్ రోడ్ ధర 9,52,000.

ఇందులో 1,52,000 చేతి నుంచి కట్టి, 8,00,000 లోన్, 9 శాతం వడ్డీ, అయిదేళ్లు. మా వాడి కాగితంలో ఉన్న 16,607 ఇలా వచ్చిందే. అరవై నెలల్లో కట్టేది 9,96,420, అందులో వడ్డీ 1,96,420.

అయిదేళ్లకు రెండు లెక్కలూ

చాలామంది ఇక్కడే పొరపడతారు. 16,607ని తీసుకెళ్లి 21,000తో పోలుస్తారు. ఈఎంఐలో బీమా లేదు, సర్వీసు లేదు, టైర్లు లేవు, డౌన్ పేమెంట్ లేదు. లీజు అద్దెలో ఇవన్నీ ఉండొచ్చు. అటు చూస్తే, ఈఎంఐ అయిపోయాక మన చేతిలో కారు మిగులుతుంది. లీజు అయిపోయాక తాళాలు కూడా మిగలవు.

సొంత కారుకు రెండో ఏడాది నుంచి బీమా ఏటా 17,000 చొప్పున నాలుగేళ్లకు 68,000, సర్వీసులకు 40,000, ఒకసారి టైర్లు మార్చడానికి 20,000 వేస్తే 1,28,000. డౌన్ పేమెంటు, ఈఎంఐలు, ఇవి కలిపి అయిదేళ్లలో జేబులోంచి పోయేది 12,76,420. అయిదేళ్ల తర్వాత కారు 4,00,000కు అమ్ముడుపోయిందనుకుందాం. ఇది గాల్లోంచి తెచ్చిన అంకె కాదు. బీమా కంపెనీల తరుగు పట్టికలో కూడా నాలుగేళ్లు దాటి అయిదేళ్ల లోపున్న కారుకు 50 శాతమే కొడతారు. అమ్మిన డబ్బు తీసేస్తే అసలు ఖర్చు 8,76,420. నెలకు 14,607.

లీజుకు నెలకు 21,000 చొప్పున అరవై నెలలకు 12,60,000. బీమా, సర్వీసు, టైర్లు, జీఎస్టీ అన్నీ అందులోనే అనుకున్నాం. అమ్మడానికి ఏమీ లేదు.

తేడా 3,83,580. దీన్ని కాసేపు అలాగే చూడండి. జేబులోంచి పోయిన మొత్తాలు దాదాపు సమానం: 12,76,420 ఒకవైపు, 12,60,000 ఇంకోవైపు. తేడా అంతా చివర్లో కారు అమ్మితే వచ్చిన ఆ నాలుగు లక్షల్లోనే ఉంది.

డౌన్ పేమెంటుగా కట్టిన 1,52,000ను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే రాదా అని లీజు పక్షం వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 7 శాతం చొప్పున అయిదేళ్లకు దాని మీద 61,000 చిల్లర వడ్డీ వస్తుంది. దాన్ని లెక్కలో వేసినా సొంత కారే మూడు లక్షల పైచిలుకు చవక.

ఏడాదికో రెండేళ్లకో అయితే

హైదరాబాద్‌లో ఎంతమంది ఉద్యోగం అయిదేళ్లపాటు ఒకే ఊళ్లో ఉంటుంది? ఈ రోజు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, ఏడాది తిరిగేసరికి బెంగళూరు, ఆపైన ఆన్‌సైట్. అలాంటివాళ్లకు అయిదేళ్ల లెక్క పనికిరాదు.

ఏడాదికే కారు అమ్మాల్సి వస్తే చూద్దాం. డౌన్ పేమెంట్ 1,52,000, పన్నెండు ఈఎంఐలు దాదాపు 1,99,300. అప్పటికి తీరని అసలు 6,67,300 పైన. లోన్ ముందే మూసేస్తే 3 శాతం చార్జి, దాని మీద జీఎస్టీ, కలిపి 23,600. చిన్న సర్వీసు 4,000. కారు 6,75,000కు పోయిందంటే నికర ఖర్చు 3,71,000, అంటే నెలకు దాదాపు 30,900. ఏడాది గడువు లీజు అద్దె సహజంగానే ఎక్కువ ఉంటుంది. 28,000 అనుకున్నా అదే చవక.

రెండేళ్లకు ఇదే లెక్క కడితే, కారు 6,00,000కు అమ్మినప్పుడు నెలకు 21,600 దగ్గర తేలుతుంది. రెండేళ్ల లీజు 25,000 అయితే సొంత కారుదే పైచేయి, కానీ తేడా నెలకు 3,400కు పడిపోయింది. ఓఎల్‌ఎక్స్‌లో ప్రకటన పెట్టడం, వచ్చినవాళ్లందరికీ టెస్ట్ డ్రైవ్ ఇవ్వడం, పేరు మార్పిడి అయ్యేదాకా టెన్షన్ పడటం ఇవన్నీ తప్పించుకోవడానికి ఆ 3,400 ఇవ్వొచ్చు అనేవాళ్లను తప్పుపట్టలేను.

ఊరు మారేవాళ్లకు ఇంకో చిక్కుంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి కారు ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, అక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు కోసం అర్జీ పెట్టుకోవాలి. టీజీ నంబరుతో బెంగళూరు వెళ్లినవాళ్లు ఎవరైనా ఈ కథ అరగంట చెబుతారు.

ఇంకా, కారు పాత ధర ఎప్పుడు పడిపోతుందో మన చేతిలో లేదు. జీఎస్టీ తగ్గగానే కొత్త కార్లు చవకయ్యాయి. కొత్తది చవకైతే పాతదానికి ఎవరు పాత రేటు ఇస్తారు? ఆ నష్టం సొంతదారు మీదే పడింది. లీజులో ఉన్నవాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు, అది లీజు కంపెనీ భరించాల్సిందే. లీజు వైపు మాట్లాడేవాళ్ల వాదనల్లో నాకు అన్నిటికంటే బలమైనదిగా కనిపించేది ఇదే.

కంపెనీ లీజులో పన్ను ఎక్కడ తగ్గుతుంది

హెచ్‌ఆర్ మెయిల్‌లో గీత గీసిన మాట దగ్గరికి వద్దాం. మనంతట మనం వెళ్లి లీజు తీసుకుంటే పన్ను ఆదా ఏమీ లేదు. మనం పనిచేసే కంపెనీ లీజుకు తీసుకుని మనకిచ్చి, ఆ అద్దెను జీతం ప్యాకేజీలోంచి మినహాయిస్తేనే ఆదా. ఆఫీసు పనికీ సొంత పనికీ రెంటికీ వాడే కారై ఉండాలి. పూర్తిగా సొంతానికే అయితే మొత్తం ఖర్చు మీద పన్ను పడుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు కూడా ఈ వెసులుబాటు ఉంది. ఇంటి అద్దె, 80సీ కింద పొదుపు లాంటి మినహాయింపులన్నీ పోయాక మిగిలిన కొద్దిపాటివాటిలో ఇదొకటి. అందుకే ఇంత ప్రచారం.

అద్దె 21,000, పెట్రోలుకు 6,000, మొత్తం 27,000 కంపెనీ ద్వారా పోతుందనుకుందాం. ఇదే డబ్బు జీతంగా వస్తే 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు, అంటే కొత్త విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయానికి, సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 8,424 పన్ను పోతుంది. కారు రూపంలో ఇస్తే ఆ 27,000కు బదులు చట్టం కట్టిన ఒక చిన్న విలువను మాత్రమే జీతానికి కలుపుతారు. 1.6 లీటర్ల లోపు ఇంజనుకు ఏళ్ల తరబడి అది నెలకు 1,800. దాని మీద పన్ను 562. నెలకు 7,862 మిగులు, అయిదేళ్లకు 4,71,720. పైన చూసిన 3,83,580 తేడాను ఇది దాటేసింది. లీజే లాభం.

ఈ 1,800ను 5,000కు పెంచాలన్న ప్రతిపాదన 2026 ఆదాయపన్ను నిబంధనల ముసాయిదాలో వచ్చింది. 5,000తో కట్టినా అయిదేళ్ల ఆదా 4,11,840. అప్పుడూ లీజుదే మొగ్గు, కాకపోతే సన్నగా.

ఇప్పుడు 20 శాతం శ్లాబుకు రండి. మా బావమరిది జీతం అక్కడ ఉంది. 1,800 లెక్కనే తీసుకున్నా అతని ఆదా నెలకు 5,242, అయిదేళ్లకు మూడు లక్షల పద్నాలుగు వేలు. 3,83,580కి ఇంకా 69,000 తక్కువ. పక్క సీటులో సీనియర్‌కు లాభమైన అదే పథకం ఇతనికి నష్టం. పథకంలో తేడా లేదు, శ్లాబులో ఉంది. ఆఫీసు క్యాంటీన్‌లో ఒకరి అనుభవం విని ఇంకొకరు సంతకం పెట్టేయడం నాకు భయం కలిగించే విషయం.

సొంత వ్యాపారం, ప్రాక్టీసు ఉన్నవాళ్ల దారి వేరు. కొంటే కారు మీద ఏటా 15 శాతం తరుగు, లోన్ వడ్డీ ఖర్చుగా చూపుతారు. లీజైతే అద్దె ఖర్చుగా చూపుతారు. వాళ్లు ఆడిటర్‌తో కూర్చుంటే పది నిమిషాల్లో తేలుతుంది.

ఉద్యోగం మానేస్తే కారేమవుతుంది

కంపెనీ లీజు ఒప్పందంలో మూడు పక్షాలుంటాయి: లీజు కంపెనీ, మన ఆఫీసు, మనం. మనం రాజీనామా చేస్తే కొత్త ఆఫీసుకు లీజు మార్చాలి, లేదా మిగిలిన మొత్తం కట్టి కారు మనమే తీసుకోవాలి, లేదా ముందస్తు ముగింపు చార్జి కట్టి తిరిగిచ్చేయాలి. కొత్త ఆఫీసుకు ఆ లీజు కంపెనీతో ఒప్పందం లేకపోతే మొదటి దారి మూసుకుపోయినట్టే. నోటీసు పీరియడ్‌లో, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లోంచి లక్షో లక్షన్నరో కోత పడటం చిన్న దెబ్బ కాదు.

ఇంటి లోన్‌కు వెళ్లబోయేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. లీజు అద్దె జీతంలోంచి పోవడంతో చేతికొచ్చే జీతం తగ్గి కనిపిస్తుంది. బ్యాంకు ఎంత అప్పు ఇస్తుందన్నది ఆ స్లిప్పును బట్టే.

కిలోమీటర్లు, గీతలు, వాన నీళ్లు

లీజులో ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని పరిమితి ఉంటుంది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి దాదాపు 30 కిలోమీటర్లు. వెళ్లి రావడం 60, నెలకు 22 రోజులు, ఏడాదికి 15,840. ఆఫీసుకే ఇంత. సంక్రాంతికి రాజమండ్రి వెళ్లొస్తే ఇంకో 850. పెళ్లిళ్లు, యాదగిరిగుట్ట, ఆదివారాలు కలిపి 18,000 అవుతుంది. పరిమితి 15,000 ఉండి, అదనపు కిలోమీటరుకు 8 రూపాయలంటే ఏడాదికి 24,000 మీద పడింది. కొండాపూర్‌లో ఉండి రాయదుర్గం వెళ్లేవాళ్లకు ఈ సమస్యే రాదు.

కారు తిరిగిచ్చేరోజు తనిఖీ ఉంటుంది. ఒక మిత్రుడి కారు అప్పగింతకు నేనూ వెళ్లాను. వచ్చినాయన ముందు బంపర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి, గీతలను వేలి గోటితో తడిమి చూశాడు. గోరు తట్టుకుంటే అది ‘డ్యామేజీ’, తట్టుకోకపోతే మామూలు అరుగుదల. సెల్లార్ స్తంభానికి రాసుకున్న వెనక తలుపు దగ్గర గోరు ఆగింది. సొంత కారైతే ఆ గీతతోనే ఇంకో పదేళ్లు తిరిగేవాళ్లం.

బీమాలోనూ తేడా ఉంది. క్లెయిమ్ చేయకుండా ఏళ్లు గడిస్తే వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. అది పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్లది. లీజు కంపెనీ పేరున ఉంటే మన జాగ్రత్త ఫలం మన వెంట రాదు. 2020 అక్టోబర్ వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లలో కార్లు మునిగాయో గుర్తుంది కదా. మునిగిన కారుకు తాళం తిప్పి ఇంజన్ పాడైతే, ఇంజన్ ప్రొటెక్షన్ లేని పాలసీలో ఆ ఖర్చు రాదు. లీజు అద్దెలో బీమా ఉందన్నంత మాత్రాన ఆ రక్షణ ఉందని కాదు, అడిగి రాయించుకోవాలి.

కరెంటు కారైతే

ఇక్కడ నా మొగ్గు కొంచెం మారుతుంది. జీఎస్టీ 5 శాతం. తెలంగాణలో 2026 డిసెంబర్ చివరి వరకు లైఫ్ ట్యాక్స్ మినహాయింపు. కొనడానికి ఇది మంచి ఊతం. కానీ అయిదేళ్ల తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతుంది అన్నది పెట్రోల్ కారంత ధీమాగా ఎవరూ చెప్పలేరు. ఆ అనిశ్చితిని లీజు కంపెనీ నెత్తిన పెట్టడంలో అర్థముంది. బ్యాటరీని మాత్రమే అద్దెకిచ్చే పద్ధతి కూడా వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్సర్‌ను 9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 అద్దెతో తెచ్చారు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే బ్యాటరీ అద్దే 5,250, కరెంటు ఖర్చు వేరే.

ఆర్‌సీ మీద పేరు

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర ఏ శుక్రవారం చూసినా కొత్త కార్లు వరుస కట్టి ఉంటాయి. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, స్టీరింగ్ ముందు నాన్న, వెనక సీట్లో అమ్మ. మొదటి తరం కారు కొనుక్కునే కుటుంబానికి ఆర్‌సీ మీద సొంత పేరు చూసుకోవడం చిన్న విషయం కాదు. లెక్కల్లో దానికి గడి లేదు గానీ అది నిజమైన విలువే. ఇప్పటి కుర్రాళ్లలో ఇంకో ఆలోచన ఉంది: తరిగిపోయే వస్తువులో డబ్బు ఎందుకు ఇరికించాలి, వాడుకున్నంతకు కడదాం అని. అదీ తెలివైన మాటే, అద్దె న్యాయంగా ఉన్నంతవరకు.

మళ్లీ మా వాడి కాగితాల దగ్గరికి. అంతా చదివాక మెయిల్‌లో ఒక్క విషయం లేదని గమనించాం: అయిదేళ్లు అయ్యాక ఆ కారును ఉద్యోగి కొనుక్కోవచ్చా, ఎంతకు? రెసిడ్యువల్ వాల్యూ ముందే 2,00,000 అని రాసి ఉండి, ఆ ధరకు కొనే హక్కు ఇస్తే, బయట నాలుగు లక్షలు పలికే కారు రెండు లక్షలకు చేతికొస్తుంది. అప్పుడు 3,83,580 తేడా 1,83,580కి పడిపోతుంది. 20 శాతం శ్లాబులోని ఇతనికి కూడా లీజే లాభమవుతుంది. మొత్తం లెక్కను తిప్పేసేది ఆ ఒక్క వాక్యం.

అక్కడే కూర్చుని హెచ్‌ఆర్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టాడు. బుధవారం జవాబు వచ్చింది: "గడువు ముగిసిన రోజున ఉన్న మార్కెట్ ధరకు కొనుక్కోవచ్చు." ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "బావా, శనివారం షోరూంకు వెళ్దాం. డౌన్ పేమెంట్ ఇంకో యాభై వేలు ఎక్కువ కడితే ఈఎంఐ ఎంతకు దిగుతుందో కనుక్కోవాలి."